ది ఫార్మ్ (టెన్నెసీ)

ది ఫార్మ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెన్నెసీ రాష్ట్రంలో, లూయిస్ కౌంటీలో, సమ్మర్‌టౌన్ అనే ఊరికి సమీపంలో ఉన్న ఒక సామూహిక నివాస గ్రామం. రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌కు దక్షిణంగా, అడవులతో నిండిన మెట్టభూమిపై ఈ గ్రామం ఉన్నది. పేరుకు "వ్యవసాయ క్షేత్రం" అని అర్థం. 1971లో స్టీఫెన్ గాస్కిన్ నాయకత్వంలో, శాన్ ఫ్రాన్సిస్కో నగరం నుండి పాత బస్సులలో తరలివచ్చిన కొన్ని వందల మంది హిప్పీలు దీనిని స్థాపించారు.

మొదటి పన్నెండేళ్ళు ఇక్కడ ఎవరికీ సొంత ఆస్తి లేదు. అందరి సంపాదనా ఒకే ఖజానాలో చేరేది, అందరి అవసరాలూ అందులో నుండే తీరేవి. 1980 ప్రాంతంలో జనాభా పన్నెండు వందలు దాటి, ఆ కాలపు హిప్పీ కమ్యూన్‌లలో అతి పెద్దవాటిలో ఒకటిగా ఇది పేరు పొందింది. 1983లో అప్పుల భారం వలన ఉమ్మడి ఖజానా పద్ధతిని విడిచిపెట్టవలసి వచ్చింది. అధిక సంఖ్యాకులు వెళ్ళిపోయినా గ్రామం అంతరించలేదు. సుమారు రెండు వందల మందితో నేటికీ కొనసాగుతున్నది.

సామూహిక జీవనంలోని ఆనందాలను, ఇబ్బందులను అర్థం చేసుకోవడానికి ది ఫార్మ్ చరిత్ర మంచి ఉదాహరణ. ఇక్కడి వారికి సంతోషాన్ని ఇచ్చిన నియమాలు, వారిని కష్టపెట్టిన నియమాలు వేరువేరు కావు.

నేపథ్యం

1960లలో వియత్నాం యుద్ధాన్ని, వస్తు వ్యామోహాన్ని, తల్లిదండ్రుల తరం విలువలను తిరస్కరించిన అమెరికన్ యువతీయువకులను హిప్పీలు అని పిలిచేవారు. వీరిలో ఎక్కువ మంది మధ్యతరగతి కుటుంబాల నుండి వచ్చిన చదువుకున్నవారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేట ఈ ఉద్యమానికి కేంద్రంగా ఉండేది. 1967 వేసవిలో వేలాది మంది యువకులు ఈ పేటకు చేరుకున్నారు. ఆ తాకిడికి అక్కడ ఇరుకు, ఆకలి, మత్తుమందుల బెడద పెరిగాయి. దానితో పలువురు నగరాన్ని విడిచి, పల్లెలలో భూమి కొని కలిసి జీవించాలని బయలుదేరారు. 1960ల చివర, 1970ల ప్రారంభంలో అమెరికా అంతటా ఇటువంటి కమ్యూన్‌లు పెద్ద సంఖ్యలో వెలిశాయి. వాటిలో అధిక భాగం కొద్ది సంవత్సరాలలోనే విడిపోయాయి.

హిప్పీలు అనగానే భారతీయులకు గోవా, ఖాట్మండు గుర్తుకు వస్తాయి. 1971లో విడుదలైన "హరే రామ హరే కృష్ణ" అనే హిందీ చిత్రం హిప్పీలను మత్తులో మునిగిన దేశదిమ్మరులుగా చూపింది. ఆ భావనే మన దేశంలో స్థిరపడిపోయింది. అదే సంవత్సరం టెన్నెసీలో కొందరు హిప్పీలు తిరుగుడు మాని, నాగలి పట్టి, స్థిరమైన ఊరు ఒకటి కట్టుకోవడానికి పూనుకున్నారు.

స్టీఫెన్ గాస్కిన్

గాస్కిన్ 1935లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంలో జన్మించారు. యువకునిగా అమెరికా మెరైన్ దళంలో పనిచేశారు. తరువాత శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో చదివి, అక్కడే బోధించారు. 1960ల చివరలో ఆయన ప్రారంభించిన ఉపన్యాసాలు ప్రతి సోమవారం రాత్రి జరిగేవి కనుక వాటికి "సోమవారం రాత్రి తరగతి" అనే పేరు వచ్చింది. జెన్ బౌద్ధం, క్రైస్తవం, హిందూ మతం మొదలైనవాటి సారాన్ని, మత్తు పదార్థాల వలన కలిగే అనుభవాలను గూర్చి ఈ సభలలో చర్చించేవారు. క్రమంగా వెయ్యి మందికి పైగా శ్రోతలు రాసాగారు. ఎత్తుగా, సన్నగా, పొడవైన జుట్టు, గడ్డంతో ఉండే గాస్కిన్‌ను వారిలో చాలామంది తమ ఆధ్యాత్మిక గురువుగా భావించారు.

బస్సుల యాత్ర

1970లో గాస్కిన్ దేశమంతటా తిరిగి ఉపన్యాసాలు ఇవ్వడానికి బయలుదేరగా, శ్రోతలు తాము కూడా వస్తామన్నారు. అక్టోబరులో ఈ యాత్ర ప్రారంభమైంది. పాత పాఠశాల బస్సులను కొని, లోపల మంచాలు, పొయ్యిలు అమర్చుకున్నారు. బస్సులు, వ్యాన్‌లు, ట్రక్కులు కలిపి సుమారు 60 వాహనాలు వరుసగా సాగాయి. నాలుగు నెలల ఈ ప్రయాణంలో వంట, మరమ్మతు, పిల్లల సంరక్షణ అన్నీ కలిసి చేసుకోవడం వలన ఒక గుంపుగా బయలుదేరినవారు ఒక సమాజంగా మారారు.

ఈ యాత్రలోనే కొందరు స్త్రీలు బస్సులలో ప్రసవించారు. ఆసుపత్రికి వెళ్ళడానికి డబ్బు లేకపోవడం ఒక కారణం కాగా, ఆనాటి ఆసుపత్రులలో ప్రసవ విధానం నచ్చకపోవడం మరొక కారణం. స్టీఫెన్ భార్య ఇనా మే గాస్కిన్ వారికి సాయపడుతూ మంత్రసాని పనిలో ప్రవేశించారు. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక ప్రసూతి వైద్యుడు స్వయంగా వారి బస్సు వద్దకు వచ్చి, ఆమెకు, ఆమె తోటివారికి అత్యవసర పద్ధతులు నేర్పారు. యాత్రలో ఇనా మే తన సొంత బిడ్డను కూడా కోల్పోయారు. నెలలు నిండక ముందే పుట్టిన ఆ శిశువు ఒక్క రోజు కూడా బ్రతకలేదు. ది ఫార్మ్‌కు తరువాతి కాలంలో అత్యధిక గౌరవాన్ని తెచ్చిన ప్రసూతి సేవకు మూలం ఈ యాత్రే.

స్థాపన, తొలి రోజులు

యాత్ర ముగిసి కాలిఫోర్నియా చేరిన తరువాత ఎవరి దారిన వారు పోవడం వారికి ఇష్టం లేకపోయింది. అందరి డబ్బూ కలిపినా కాలిఫోర్నియాలో కొద్దిపాటి భూమికి మించి వచ్చేటట్లు లేదు. టెన్నెసీలో భూమి చౌక. తిరిగి అక్కడికి ప్రయాణమై, 1971లో ఎకరం 70 డాలర్ల చొప్పున 1,064 ఎకరాలు కొన్నారు. కొద్దికాలానికే పక్కనున్న మరో 750 ఎకరాలను ఎకరం 100 డాలర్ల చొప్పున తీసుకున్నారు.

అక్కడ ఇళ్ళు లేవు, కలప తరలించే మట్టి బాటలు మాత్రమే ఉండేవి. మొదట బస్సులలోను, సైన్యం అమ్మివేసిన పాత గుడారాలలోను కాపురాలు పెట్టారు. కిరోసిన్ దీపాలతో రాత్రులు గడిపారు. నగరాలలో పెరిగిన ఈ యువకులలో వ్యవసాయం తెలిసినవారు బహు కొద్దిమంది. తొలి సంవత్సరంలోనే, కలుషితమైన వాగులో పెరిగిన ఆకుకూరను తినడం వలన హెపటైటిస్ వ్యాపించి పలువురు మంచాన పడ్డారు. నీటిని, మరుగుదొడ్లను గూర్చిన శ్రద్ధ ఆదర్శాలకన్నా ముందు ఉండాలని వారు ఈ విధంగా నేర్చుకున్నారు.

చుట్టుపక్కల రైతులు సంప్రదాయ క్రైస్తవులు. పొడవైన జుట్టుతో వచ్చిన ఈ కొత్తవారిని మొదట అనుమానంగా చూశారు. అయితే వీరు కష్టపడి పనిచేయడం, అబద్ధమాడకపోవడం, మద్యం ముట్టకపోవడం చూసి క్రమంగా స్నేహితులయ్యారు. రంపపు మిల్లు నడపడం, జొన్నజాతి చెరకు నుండి పాకం తీయడం వంటి పనులు నేర్పినది ఈ ఇరుగుపొరుగు వారే. సాదాసీదాగా జీవించే ఆమిష్ అనే క్రైస్తవ శాఖతో పోల్చి, వీరిని "రంగుల ఆమిష్‌లు" అని హాస్యంగా పిలిచేవారు.

స్థాపించిన సంవత్సరంలోనే గంజాయి మొక్కలు పెంచినందుకు గాస్కిన్‌ను, మరి ముగ్గురిని అరెస్టు చేశారు. గంజాయి తమకు మతపరమైన ప్రసాదమని వారు చేసిన వాదనను న్యాయస్థానాలు అంగీకరించలేదు. గాస్కిన్ 1974లో జైలుకు వెళ్ళి సుమారు ఒక సంవత్సరం శిక్ష అనుభవించారు. నాయకుడు లేకపోయినా పనులు ఆగలేదు.

జీవన విధానం

ఉమ్మడి ఖజానా

బైబిలులోని అపొస్తలుల కార్యములలో తొలి క్రైస్తవులు తమ ఆస్తులను సమష్టిగా ఉంచుకొని, ఎవరికి అవసరమైనది వారికి పంచినట్లు చెప్పబడినది. ది ఫార్మ్ వారు దీనినే ఆదర్శంగా తీసుకున్నారు. చేరదలచినవారు పేదరిక వ్రతం స్వీకరించి, తమ డబ్బు, వాహనం, వారసత్వపు ఆస్తి ఏదైనా సమాజానికి ఇవ్వాలి. బట్టలు, పనిముట్లు తప్ప సొంతానికి ఏమీ ఉండేవి కావు. మఠాల వంటి ఉమ్మడి ఆస్తి గల మతసంస్థలకు వర్తించే చట్టం కిందనే ఈ గ్రామం కూడా పన్ను లెక్కలు దాఖలు చేసేది.

పనికి జీతం లేదు. వ్యవసాయం, వడ్రంగం, వాహనాల మరమ్మతు, వంటచెరకు, విద్యుత్తు, రొట్టెల తయారీ, బడి, వైద్యశాల మొదలైన ప్రతి పనికీ ఒక బృందం ఉండేది. ఉమ్మడి దుకాణంలో సరుకులను కుటుంబంలోని మనుషుల లెక్కన ఇచ్చేవారు. బయటి నుండి కొనవలసిన వస్తువు ఏదైనా ఉంటే ఖజానా చూసేవారిని అడగాలి. మనిషి ఒక్కింటికి రోజుకు సుమారు ఒక డాలరు ఖర్చుతో గ్రామం నడిచేదని ఆనాటివారు చెబుతారు. సొంత టెలిఫోన్ వ్యవస్థ, ముద్రణాలయం, రేడియో కేంద్రం కూడా ఏర్పాటు చేసుకున్నారు.

ఆహారం

మాంసం, చేపలు, గుడ్లే కాక పాలు, నెయ్యి, తేనె కూడా వారు ముట్టేవారు కారు. పశువులకు మేపే ధాన్యాన్ని మనుషులే తింటే ప్రపంచంలో ఆకలి ఉండదని వారి వాదన. మాంసకృత్తుల కొరకు సోయా చిక్కుళ్ళపై ఆధారపడ్డారు. సోయా పాలు, ఆ పాలను విరిచి చేసే టోఫు, సోయా పప్పును పులియబెట్టి చేసే టెంపే, చివరకు సోయా ఐస్‌క్రీము కూడా తయారుచేశారు. 1970లలో అమెరికన్లకు ఇవి దాదాపు తెలియని వంటకాలు. 1975లో వీరు ప్రచురించిన శాకాహార వంటల పుస్తకం దేశమంతటా అమ్ముడుపోయింది.

కుటుంబం, నియమాలు

బయటివారు ఊహించినట్లు ఇక్కడ విచ్చలవిడితనం లేదు. ఒక స్త్రీ, పురుషుడు కలిసి ఉంటే వారికి నిశ్చితార్థం అయినట్లే, బిడ్డ కలిగితే పెళ్ళి అయినట్లే అని నియమం. కృత్రిమ సంతాన నిరోధక సాధనాలను వాడేవారు కారు. మద్యం, పొగాకు, రసాయనిక మత్తుమందులు నిషేధం. గంజాయికి మాత్రం పవిత్ర స్థానం ఇచ్చారు. తొలి సంవత్సరాలలో రెండు మూడు జంటలు కలిసి ఒకే వివాహబంధంగా జీవించడం కొందరు ప్రయత్నించారు. గాస్కిన్ దంపతులు కూడా వారిలో ఉన్నారు. ఈ ఏర్పాటు పెక్కు కుటుంబాలలో కలతలకు దారితీయగా, కొద్ది సంవత్సరాలలోనే అది దాదాపు కనుమరుగైంది.

ఆనందాలు

ది ఫార్మ్‌లో జీవించినవారి జ్ఞాపకాలలో తరచుగా కనిపించేది ఒంటరితనం లేకపోవడం. అమెరికా శివారు పేటలలో వేరువేరు ఇళ్ళలో పెరిగిన యువకులకు, ఒకే కప్పు కింద ఇరవై, ముప్పై మందితో కలిసి తినడం, పాడుకోవడం, పిల్లలను పెంచడం కొత్త అనుభవం. ఆదివారం తెల్లవారుజామున అందరూ మైదానంలో కూర్చొని మౌనంగా ధ్యానం చేసేవారు. తరువాత గాస్కిన్ ప్రసంగం, పెళ్ళిళ్ళు జరిగేవి. గ్రామానికి సొంత సంగీత బృందం కూడా ఉండేది.

చేతితో చేసే పనిలోని తృప్తి మరొకటి. పుస్తకాలు మాత్రమే చదివినవారు ఇళ్ళు కట్టడం, ఇంజన్లు విప్పి బిగించడం, పొలం దున్నడం నేర్చుకున్నారు. అర్హత పత్రం లేనందువలన ఎవరినీ పనికి దూరంగా ఉంచేవారు కారు. ఇరవై ఏళ్ళ వయసులోనే ఒక బడికో, ఒక వైద్యశాలకో బాధ్యత వహించిన వారు ఉన్నారు.

ప్రసూతి సేవ

ఇనా మే నాయకత్వంలోని మంత్రసానులు ప్రసవాన్ని రోగంగా కాక సహజమైన ఘట్టంగా చూశారు. తల్లికి భయం పోగొట్టడం, భర్తను, స్నేహితులను దగ్గర ఉంచడం, తొందరపెట్టకపోవడం వారి పద్ధతి. అవసరమైతే ఆసుపత్రికి తరలించే ఏర్పాటు, సహకరించే వైద్యుడు ఎల్లప్పుడూ ఉండేవారు. 1975లో ఇనా మే రచించిన "స్పిరిచువల్ మిడ్‌వైఫరీ" అనే గ్రంథం అమెరికాలో మంత్రసాని వృత్తి పునరుద్ధరణకు దోహదం చేసింది. గర్భస్రావం చేయించుకోదలచిన స్త్రీలు ఇక్కడికి వచ్చి ఉచితంగా ప్రసవించవచ్చని, బిడ్డను తాము పెంచుతామని, తల్లి ఎప్పుడు కోరినా తిరిగి ఇస్తామని కూడా గ్రామం ప్రకటించింది.

1992లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం, ది ఫార్మ్ మంత్రసానుల చేతిమీదుగా జరిగిన 1,707 ప్రసవాలను, ఆసుపత్రులలో వైద్యులు చేసిన 14,033 ప్రసవాలతో పోల్చింది. ప్రమాదాల విషయంలో రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదని, శస్త్రచికిత్స, పట్టుకారుల అవసరం మాత్రం ఇక్కడ చాలా తక్కువని తేలింది. బిడ్డ భుజం ఇరుక్కొన్నప్పుడు తల్లిని చేతులు, మోకాళ్ళపై ఉంచి ప్రసవం చేయించే పద్ధతిని ఇనా మే మధ్య అమెరికాలో నేర్చుకొని ప్రచారం చేశారు. గ్వాటెమాలా మంత్రసానుల నుండి వచ్చిన ఆ పద్ధతి నేడు వైద్యశాస్త్రంలో "గాస్కిన్ పద్ధతి"గా ప్రసిద్ధి చెందింది.

ప్లెంటీ సంస్థ

తాము తక్కువతో జీవించి మిగిలినది ఇతరులకు ఇవ్వాలనే ఉద్దేశంతో 1974లో ప్లెంటీ అనే సేవాసంస్థను స్థాపించారు. "ప్లెంటీ" అనగా సమృద్ధి. 1976 ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో సంభవించిన భూకంపంలో 20 వేల మందికి పైగా మరణించారు. ది ఫార్మ్ వడ్రంగులు అక్కడికి వెళ్ళి, కెనడా ప్రభుత్వం సమకూర్చిన సామగ్రితో సుమారు 1,200 ఇళ్ళు కట్టారు. కుటుంబాలతో సహా నాలుగేళ్ళు అక్కడి మాయా గ్రామాలలో ఉండి నీటి గొట్టాలు వేశారు, సోయా పాల కేంద్రం నెలకొల్పారు. 1978లో న్యూయార్క్ నగరంలోని సౌత్ బ్రాంక్స్ అనే పేదల ప్రాంతంలో ఉచిత అంబులెన్స్ సేవ ప్రారంభించారు. 1980లో మొదటిసారిగా ప్రదానం చేసిన రైట్ లైవ్లీహుడ్ పురస్కారం గాస్కిన్‌కు, ప్లెంటీ సంస్థకు లభించింది.

ఉద్రిక్తతలు

తెరిచిన తలుపు

గ్రామ ద్వారం వద్ద ఒక చిన్న ఇల్లు ఉండేది. వచ్చినవారిని పలకరించి, ఉద్దేశం తెలుసుకొని లోపలికి పంపడం అక్కడివారి పని. ఎవరినీ కాదనకపోవడం గ్రామపు ఆదర్శం. దానితో సంవత్సరానికి వేల సంఖ్యలో సందర్శకులు వచ్చేవారు. చేరదలచినవారితో పాటు మానసిక రోగులు, ఇల్లు వదిలిన పిల్లలు, ఒంటరి గర్భిణులు కూడా ఆశ్రయం పొందారు. వీరందరికీ తిండి, పడక, వైద్యం చూడవలసినది అక్కడి కుటుంబాలే. పనిచేసే చేతులకంటె తినే నోళ్ళు వేగంగా పెరిగాయి. సంతాన నియంత్రణ లేకపోవడం వలన 1980 నాటికి జనాభాలో సుమారు సగం మంది పిల్లలే.

ఇరుకు, లేమి

ఇళ్ళ నిర్మాణం జనాభాతో సమానంగా సాగలేదు. నలభై మంది వరకు ఉండే ఇళ్ళలో ఒక జంటకు, వారి పిల్లలకు కలిపి ఒకే గది, ఒక్కొక్కసారి దుప్పటి అడ్డం కట్టిన మూల మాత్రమే దక్కేది. ఒక తలుపు వేసుకొని కూర్చునే వీలు లేకపోవడం అందరికన్నా తల్లులను ఎక్కువ బాధించింది. 1970ల మధ్యలో ఒక శీతకాలం నిల్వలు తరిగిపోయి, ఉడికించిన గోధుమలే ముఖ్య ఆహారమైనది. ఆ కాలాన్ని వారు "గోధుమగింజల శీతకాలం" అని ఈనాటికీ గుర్తుచేసుకుంటారు. యువకులుగా వచ్చినప్పుడు సాహసంగా తోచిన లేమి, ముగ్గురు నలుగురు పిల్లలు కలిగి, వయసు ముప్పై దాటేసరికి భారంగా మారింది. బిడ్డకు బూట్లు కావాలన్నా ఖజానాను అడిగి, వరుసలో వేచి ఉండాలి.

మాటల కత్తి

మనసులో ఏదీ దాచకుండా ముఖం మీదనే చెప్పుకోవాలని మరో నియమం ఉండేది. కోపం, అసూయ, సోమరితనం ఏది కనిపించినా అందరూ కూర్చొని తేల్చుకునేవారు. దీని వలన పగలు పేరుకుపోకుండా ఉండేవని, నిజాయితీ అలవడిందని అనేకులు అన్నారు. అదే సమయంలో, ఎప్పుడూ ఎవరో ఒకరు తమ స్వభావాన్ని విమర్శిస్తూ ఉండడం వలన అలసిపోయామని చెప్పినవారు కూడా తక్కువ కాదు. మౌనంగా ఉండే స్వభావం గలవారికి ఇది మరీ కష్టమైనది.

అధికారం

అందరూ సమానమే అయినా గాస్కిన్ మాటకు ఉన్న బలం మరెవరి మాటకూ ఉండేది కాదు. తాను నాయకుడిని కాదు, గురువును మాత్రమే అని ఆయన చెప్పేవారు. ఎంతోమంది దృష్టిలో ఈ తేడా పేరుకే. ఏ పంట వేయాలి, ఎక్కడ కొత్త శాఖ ప్రారంభించాలి అనే విషయాలలో కూడా ఆయన అభిప్రాయమే నెగ్గేది. స్త్రీ పురుషుల పని విభజన కూడా పాత పద్ధతిలోనే సాగింది. మంత్రసానులకు గొప్ప గౌరవం ఉన్నప్పటికీ, వంట, బట్టలుతకడం, పిల్లల పెంపకం ఎక్కువగా స్త్రీల వంతుగాను, పొలం, ఇంటి నిర్మాణం పురుషుల వంతుగాను ఉండేవి.

ప్రభుత్వ అధికారుల అనుమానం కూడా పూర్తిగా తొలగలేదు. 1980లో గంజాయి సాగు చేస్తున్నారని పోలీసులు హెలికాప్టర్‌తో సహా దాడి చేయగా, పుచ్చకాయల తోటలో వారికి దొరికినది ఒక కలుపు మొక్క.

1983 నాటి మార్పు

వ్యవసాయాన్ని విస్తరించడానికి గ్రామం యంత్రాలు కొని, బయట భూములు కౌలుకు తీసుకొని అప్పులు చేసింది. పంటల రాబడి ఆశించినంత రాలేదు. 1980ల ప్రారంభంలో అమెరికాలో వడ్డీ రేట్లు విపరీతంగా పెరిగాయి. ఆర్థిక మాంద్యం వలన గ్రామస్తులు బయట చేసే ఇళ్ళ నిర్మాణపు పనులు కూడా తగ్గాయి. ఆసుపత్రి బిల్లులు పేరుకుపోయాయి. ఎవరు ఎంత సంపాదిస్తున్నారు, ఎవరు ఎంత ఖర్చు చేస్తున్నారు అనే స్పష్టత ఉమ్మడి ఖజానాలో లేకపోవడం వలన పరిస్థితి తీవ్రత చాలా ఆలస్యంగా బయటపడింది. అప్పు తీర్చలేకపోతే భూమినే కోల్పోయే ప్రమాదం ఏర్పడింది.

1983 అక్టోబరులో గ్రామం ఒక నిర్ణయం తీసుకున్నది. ఆనాటి నుండి ప్రతి కుటుంబం తన సంపాదన తాను చూసుకోవాలి. గ్రామపు అప్పు, రోడ్లు, నీటి ఖర్చుల కొరకు ప్రతి పెద్దవారు నెలకు నిర్ణీతమైన చందా చెల్లించాలి. భూమి మాత్రం అందరి పేరనే ఉమ్మడిగా ఉంటుంది. గ్రామ నిర్వహణ ఎన్నికైన పాలకవర్గానికి అప్పగించబడింది. గాస్కిన్ గ్రామంలోనే ఉండిపోయినప్పటికీ ఆయన నాయకత్వం దీనితో ముగిసింది. ఈ ఘట్టాన్ని గ్రామస్తులు "మార్పిడి" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఈ నిర్ణయం చాలామందికి పిడుగుపాటు. పన్నెండేళ్ళు జీతం లేకుండా పనిచేసినవారి చేతిలో నిల్వ డబ్బు లేదు, బయట ఉద్యోగానికి చూపడానికి అనుభవ పత్రం లేదు. చేరినప్పుడు ఇచ్చిన ఆస్తి తిరిగి వచ్చేది కాదు. గ్రామానికి సమీపంలో ఉద్యోగాలు కూడా తక్కువ. రెండు మూడు సంవత్సరాలలోనే వెయ్యి మంది వరకు వెళ్ళిపోయారు. కొందరు దీనిని నమ్మకద్రోహంగా భావించారు. మరికొందరు, భూమిని కాపాడుకోవడానికి అంతకన్నా మార్గం లేదన్నారు. మిగిలినవారు చందాలతో క్రమంగా అప్పు తీర్చివేశారు.

ఇక్కడ పుట్టిన పిల్లలు

ఈ గ్రామాన్ని పెద్దలు ఎంచుకున్నారు. పిల్లలు మాత్రం ఇందులో పుట్టారు. అడవిలో స్వేచ్ఛగా తిరగడం, ఏ ఇంటికి వెళ్ళినా అన్నం దొరకడం, వందలాది మంది తోటి పిల్లలు ఉండడం వారి తీపి జ్ఞాపకాలు. 1980లలో ఒక్కసారిగా నగరాలకు వెళ్ళినప్పుడు డబ్బు వాడకం, టెలివిజన్, మాంసాహారం, అపరిచితుల పట్ల జాగ్రత్త వంటివి వారికి కొత్త. తాము ఎక్కడ పుట్టామో చెప్పడానికి సంకోచించినవారు కూడా ఉన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఎన్నో ఏళ్ళ తరువాత తిరిగి వచ్చి, తమ తల్లిదండ్రులు ఎందుకు వచ్చారో, ఎందుకు వెళ్ళిపోయారో తెలుసుకుంటూ "అమెరికన్ కమ్యూన్" అనే డాక్యుమెంటరీ చిత్రాన్ని నిర్మించారు.

ప్రస్తుత స్థితి

నేటి ది ఫార్మ్‌లో ప్రతి కుటుంబానికి సొంత సంపాదన ఉన్నది, భూమి ఉమ్మడిగా ఉన్నది. కొత్తగా చేరదలచినవారు కొంతకాలం పరిశీలనలో ఉండి, సభ్యుల ఆమోదం పొందవలసి ఉంటుంది. పుస్తక ప్రచురణ, సోయా ఆహార పదార్థాలు, అణు వికిరణాన్ని కొలిచే పరికరాల తయారీ ఇక్కడి ముఖ్యమైన వ్యాపారాలుగా నిలిచాయి. ప్రసూతి సేవ, మంత్రసానుల శిక్షణ ఈ గ్రామానికి పేరు తెచ్చాయి. 1994లో పర్యావరణానికి హాని చేయని గ్రామజీవనాన్ని బోధించే శిక్షణ కేంద్రం ఒకటి ప్రారంభమైంది. ఇనా మే గాస్కిన్‌కు 2011లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. స్టీఫెన్ గాస్కిన్ 2014 జూలై 1న, 79వ ఏట, గ్రామంలోని తన ఇంటిలోనే మరణించారు.

ప్రాముఖ్యత

ది ఫార్మ్ విఫలమైనదా, సఫలమైనదా అనే ప్రశ్నకు అక్కడ నివసించినవారే ఒకే సమాధానం చెప్పరు. అడిగినవారందరికీ చోటు ఇచ్చినందువలన అది ప్రసిద్ధి పొందింది, అందువలననే ఇరుకున పడింది. లెక్కలు చూసుకోకుండా పంచుకోవడం వలన స్నేహాలు పెరిగాయి, లెక్కలు చూసుకోకపోవడం వలననే అప్పులూ పెరిగాయి. ఒకే మనిషిపై ఉంచిన నమ్మకం వందల మందిని ఒక చోట చేర్చింది, అదే నమ్మకం ప్రశ్నించే అలవాటును ఆలస్యం చేసింది.

సమకాలీన కమ్యూన్‌లు అనేకం పేరు కూడా మిగలకుండా పోగా ఇది నిలబడడానికి ముఖ్య కారణం, ఆదర్శానికి, భూమికి మధ్య ఒకదానిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు భూమిని దక్కించుకోవడం. ఆ ఎంపికకు మూల్యం చెల్లించినవారిలో వెళ్ళిపోయిన వెయ్యి మంది ఉన్నారు. వెళ్ళిపోయినవారిలో చాలామంది వేసవిలో జరిగే కలయికలకు తమ పిల్లలతో, మనుమలతో తిరిగి వస్తూ ఉంటారు.

ఇవి కూడా చూడండి

హిప్పీ
ఆరోవిల్
కిబ్బుట్జ్
మంత్రసాని
సోయా చిక్కుడు